లంకెబిందెల మర్యాద

1878 నాటి నిధుల చట్టం మన దేశంలో ఇంకా బతికే ఉంది. భూమిలో దాగిన సొత్తు ఎవరికైనా దొరికి, దాని విలువ పది రూపాయలు దాటితే, దొరికినవాడు ఆ సంగతి కలెక్టరుగారికి కాగితం మీద రాసి తెలియజేసుకోవాలి. పది రూపాయలకి ఇప్పుడు బెజవాడ బస్టాండులో లీటరు మంచినీళ్ల సీసా కూడా రాదు, అయినా చట్టం చట్టమే. మా మైలవరం చుట్టుపక్కల ఇంకో రకం కలెక్టర్లున్నారు. వీళ్లకి జీపులూ బంట్రోతులూ ఉండరు, చొక్కా జేబులో భూతద్దం ఉంటుంది. గ్రామఫోను ప్లేట్లు, పాత పుస్తకాలు, చిల్లుకానీలు పోగేస్తుంటారు. వీళ్లు ఈ చట్టాన్ని తలకిందులుగా చదువుకున్నారు. నిధి దొరికింది కలెక్టరుకే అయితే ఇంకెవరికీ చెప్పక్కర్లేదని తేల్చుకున్నారు.

నేనూ ఆ శాఖ ఉద్యోగినే. అందుకే లోపలి మర్యాదలన్నీ తెలుసు. మర్యాదలంటే నవ్వకండి. మా వాళ్లకున్నన్ని పట్టింపులు మగపెళ్లివారికి కూడా ఉండవు.

మొన్న మే నెలలో ఒక రాత్రి పదకొండింటికి సెల్లులో అమ్మకానికి పెట్టిన పాత సామాన్లు చూస్తుంటే ఒక ఫోటో కంటపడింది. గచ్చు మీద మూత తీసిన రేకు పెట్టె, దాన్నిండా నల్లటి ప్లేట్లు. ఫోటో మూలన ఎవరో పసివాడి కాలు, దానికి మువ్వల పట్టా. కింద రాత: 'పాత రికార్డులు 12. పెట్టె ఇవ్వం. 600.' ఇల్లు మా ఊరికి అయిదారు మైళ్లలోపే. పైనున్న ప్లేటు మీద దుమ్మును ఎవరో కొంగుతో ఒక్క తుడుపు తుడిచినట్టున్నారు. ఆ తుడిచిన మేరకు తెలుగులో అయిదక్షరాలు కనపడుతున్నాయి: కపిలవాయి.

మైలవరంవాడికి ఆ అయిదక్షరాలు చూస్తే నిద్ర పట్టదు. డెల్టావాళ్లు మమ్మల్ని మెట్టవాళ్లని చులకన చేస్తారు గానీ, నూరేళ్ల కిందట నాటకానికి రాజధాని మా ఊరే. జమీందారుగారి పోషణలో బాలభారతీ నాటక సమాజం ఇక్కడే వెలిగింది. జనం నోట్లో అది ఉత్త 'మైలవరం కంపెనీ'. యడవల్లి సూర్యనారాయణ వేషం కట్టింది ఈ కంపెనీలోనే. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల పద్యాలకు పాపట్ల కాంతయ్య హార్మోనియం మీద వరసలు కట్టింది కూడా ఇక్కడే అంటారు. కపిలవాయి రామనాథశాస్త్రి గొంతూ ఈ కంపెనీ నీళ్లు తాగిందే. ఆయన 1935లో, నలభై నిండకుండానే పోయాడు. మిగిలింది ఆ లక్క ప్లేట్లలో ఉన్న గొంతే. ఒక్కో పక్క మూడు నిమిషాల చిల్లర. చెయ్యి జారితే పెంకులవుతుంది.

అలాంటివి పన్నెండు, ఆరు వందలకి. అంటే ప్లేటు యాభై రూపాయలు.

ఇప్పుడు చూడండి మా మర్యాద. ఆరు వందలనగానే ఆరు వందలూ పంపేస్తే అది అమర్యాద. అమ్మేవాళ్లకి అనుమానం వస్తుంది. కాబట్టి బేరమాడాలి. 'గీతలు పడ్డట్టున్నాయమ్మా, పాడతాయో లేదో, నాలుగు వందల యాభైకి చూడండి' అని రాయాలి. ఆ నూట యాభైకి కక్కుర్తి పడి కాదు. బేరం మా గుండెదడకి వేసే ముసుగు. కొందరు ఇంకా ముదుర్లు, ప్లేట్ల ఊసే ఎత్తరు. రేకు పెట్టె ఎంత, పక్కనున్న బీరువా ఎంత, గోడకున్న గడియారం నడుస్తుందా అని అడిగి, చివర్లో, 'ఆ నల్ల పళ్లేలు కూడా పడేస్తారా, పిల్లలు ఆడుకుంటారు' అంటారు. పళ్లేలట! ఇంట్లో ఈయన ఆ పళ్లేల్ని పట్టుగుడ్డతో తుడుస్తాడు, సొంత పిల్లల్ని ఆ గది గడప తొక్కనివ్వడు.

ఈ విద్య సెల్లుఫోన్లతో పుట్టింది కాదు. విజయవాడ లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల కొట్ల ముందు మా పెద్దలు నేర్పిపోయిందే. కావాల్సిన పుస్తకాన్ని ముందు ముట్టుకోకూడదు. ఏ పోటీ పరీక్షల గైడో తీసి, ధర అడిగి, మొహం చిట్లించి, ఇంకోటి తీసి, పెట్టేసి, వెళ్లిపోతున్నట్టు రెండడుగులు వేసి, అప్పుడు అసలుదాన్ని ఎడమచేత్తో పైకెత్తి 'ఇదేంటి, చిరిగిపోయిందే' అనాలి. 1947 జూలై నాటి చందమామ మొదటి సంచిక కోసం అక్కడ ముప్ఫై ఏళ్లు నటించిన మహానటులున్నారు. మైలవరం కంపెనీ మూతపడ్డా నటులకు మాత్రం కరువు రాలేదు. జేబులో డబ్బు లేని రోజున ఆ పుస్తకాన్ని ఇంజనీరింగ్ పుస్తకాల దొంతరలో అడుగున దాచి, తెల్లారి రావడం ఇంకో ఆచారం. అక్కడ అంతకు ముందే ఇంకొకరు దాచుకున్నది చేతికి తగిలితే? దాన్ని ముట్టుకోకూడదు. అదీ మా నిజాయితీ! తోటి దొంగ మూట విప్పం.

గమనించారా, మర్యాదలన్నీ మాలో మాకే. ముందు ఎవరు చూశారో వాడిది మొదటి హక్కు. ఒకడు బేరంలో ఉండగా ఇంకొకడు ధర పెంచడం పాపం. ఒకే రకానివి రెండు దొరికితే ఒకటి స్నేహితుడికి అసలు ధరకే ఇవ్వాలి. అసలు ధరంటే యాభై రూపాయలు కాదులెండి. పెట్రోలు, కొండపల్లి దగ్గర తిన్న పెసరట్టు, దారిలో మాట్లాడిన ఫోన్లు, 'నా కన్ను' ఖరీదు కూడా కలిపి. ఈ మర్యాదలు తప్పినవాడిని ఏడాదిపాటు ఎవరూ పలకరించరు. ఇంత ధర్మశాస్త్రంలో ఆ పెట్టె ఎవరిదో ఆ మనిషికి మాత్రం ఒక్క అధ్యాయం కూడా లేదు.

ఒకసారి ఆ మాటే అడిగాను. మా వాళ్లలో ఒకాయన ఒకప్పుడు ప్లీడరు గుమస్తా. ఆయన గొంతు సవరించుకుని 1872 కాంట్రాక్టు చట్టం విప్పాడు. సెక్షన్ 17 వివరణ చూడవయ్యా అన్నాడు. చెప్పాల్సిన బాధ్యత ఉంటే తప్ప, ఊరికే నోరు మూసుకున్నంత మాత్రాన మోసం కాదు. సెక్షన్ 25 చూడు, ధర చాలనంత మాత్రాన ఒప్పందం చెల్లకుండా పోదు. అక్కడితో ఆగక 1817 నాటి అమెరికా సుప్రీం కోర్టు దాకా తీసుకెళ్లాడు. న్యూ ఆర్లియన్స్‌లో ఒక వర్తకుడికి యుద్ధం ముగిసిందన్న కబురు ముందే అందింది. నోరు మెదపకుండా పొగాకు కొనేశాడు, కబురు బయటపడగానే ధర పెరిగింది. తనకి తెలిసిన కబురు అమ్మేవాడికి చెప్పాల్సిన బాధ్యత కొనేవాడికి లేదంది కోర్టు. మా జిల్లాలోనూ పొగాకు పండించినవాళ్లున్నారు, వాళ్లనడిగితే తీర్పు ఇంకోలా చెబుతారు. గుమస్తాగారు మాత్రం పుస్తకం మూసి, 'చట్టం మనవైపే ఉంది' అన్నాడు, మళ్లీ అదే అన్నాడు. చట్టం మనవైపుందని రెండుసార్లు చెప్పాల్సి వచ్చిందంటే ఇంకేదో మనవైపు లేదన్నమాట.

అసలు మా వాళ్లలో నీతి లేదనుకుంటే పొరపాటు. ఉంది, కాకపోతే దానికి ముహూర్తం కుదరాలి. బేరం ఇంకొకడికి దక్కిందని తెలిసిన క్షణాన అది నిద్ర లేస్తుంది. 'పాపం, పల్లెటూరి ఇల్లాలు, తెలియక అమ్ముకుంటోంది, చెప్పొద్దూ?' అని ఒకడు కళ్లనీళ్లు పెట్టుకుంటాడు. అదే మనిషి పోయిన సంక్రాంతికి ఒక ముసలమ్మ దగ్గర స్థానం నరసింహారావు ప్లేట్లు కాఫీపొడి ధరకి తెచ్చి, మాకు నెల రోజులు చూపించాడు. 2013లో అమెరికాలో టామీ జాన్సన్ అనే నల్లజాతి గాయకుడి 78 ప్లేటొకటి ఆన్‌లైన్ వేలంలో 37,100 డాలర్లకి పోయింది. అక్కడ అమ్మినవాడు వేలానికి పెట్టాడు, కొన్నవాడు పోటీపడి కొన్నాడు. ఆ వార్త మా వాళ్లు ఫ్రేము కట్టించుకుని చదువుకుంటారు. అమ్మేటప్పుడు అమెరికా ధర, కొనేటప్పుడు అటకమీది ధర.

ఇక ఆ రాత్రి సంగతి. నేనూ నాలుగు వందల యాభై అనే రాశాను. గీతలు పడ్డాయనే రాశాను. గీతలేవీ కనపడలేదు. జవాబు వెంటనే వచ్చింది: 'రేపు వచ్చి చూస్కోండి బాబాయ్ గారు.' ఈ సంగతి ఎవరికీ చెప్పకూడదని నాకు నేనే ఒట్టేసుకున్నాను. పొద్దున్నే బండెక్కాను.

వాకిట్లో రెండు కార్లున్నాయి. వేపచెట్టు కింద నవారు మంచం మీద బెజవాడ నుంచి ఒకాయన, గుడివాడ నుంచి ఒకాయన ఒద్దికగా కూర్చుని మజ్జిగ తాగుతున్నారు. నన్ను చూసి ఇద్దరూ లేచి నిలబడ్డారు. ఏం ఆప్యాయతనుకున్నారు!

"ఏంటి గురువుగారూ, ఇటెందుకొచ్చారు?"

"మామిడికాయలకి. మీరు?"

"మేమూ మామిడికాయలకే."

ముగ్గురం అక్కడి మామిడితోటవైపు చూస్తూ కాసేపు కాపు గురించి, ఈదురుగాలుల గురించి మాట్లాడుకున్నాం. గుడివాడాయనకి మామిడికీ బాదానికీ తేడా తెలియదు. అయినా పిందె రాలుడు మీద చక్కగా ప్రసంగించాడు.

ఇంతలో ఆ ఇంటి కోడలు వచ్చింది. ముప్ఫై లోపే ఉంటుంది, చంకలో మువ్వల పట్టాల పిల్లాడు. "ప్లేట్ల కోసమేగా?" అంది.

ముగ్గురం పలకలేదు. ఎవరు ఔనంటే వాడు మర్యాద తప్పినట్టు.

"పన్నెండు గంటలు తిరక్కుండా పదకొండు మంది రాశారండీ. ఒకాయన పిల్లలు ఆడుకుంటారన్నాడు, ఒకాయన గోడకి తగిలిస్తానన్నాడు, ఇంకొకాయన రాత్రి పదకొండింటికి గీతలున్నాయన్నాడు." నేను చెప్పుల వైపు చూసుకున్నాను. "అటకమీది పెట్టె కోసం పదకొండు మంది అబద్ధం చెప్పారంటే అందులో ఏముందో తెలియకపోయినా, ఏదో ఉందని తెలియదా బాబాయ్ గారూ? మా మరిది కాలేజీలో చదువుతున్నాడు. రాత్రే ఫోన్లో అంతా వెతికి చూశాడు. ఇప్పట్లో అమ్మం."

లోపల్నించి వాళ్ల అత్తగారు కేకేసింది: "అవి మీ మావయ్య పాడించుకునేవే. వాళ్ల దగ్గర మిషను ఉందేమో అడుగు, ఉంటే ఒకటి పాడించి పొమ్మను."

మా ముగ్గురి ఇళ్లలోనూ గ్రామఫోన్లున్నాయి. పాడించం. ఉక్కు ముల్లు తగిలితే ప్లేటు అరుగుతుంది, ధర పడిపోతుంది. కపిలవాయి గొంతు మా బీరువాల్లో ఎన్ని ప్లేట్లలో ఉందో లెక్క చెప్పగలం గానీ, ఆయన ఎలా పాడాడో చెప్పమంటే మళ్లీ ఏ యూట్యూబులోనో వినాలి. బెజవాడాయన పెద్దగా దగ్గి, "మిషను రిపేర్లో ఉందమ్మా" అన్నాడు. మేమిద్దరం తలూపాం. ముగ్గురి మిషన్లూ ఒకేసారి రిపేరుకొచ్చాయి.

గేటు దాకా వచ్చాక మా వాళ్ల ధర్మాగ్రహం చూడాలి. "చూశారా మాస్టారూ, ఆరు వందలని పెట్టి మాట మార్చింది. పల్లెటూళ్లు కూడా పాడైపోయాయి. దురాశ!" అన్నాడు గుడివాడాయన. యాభై రూపాయల ప్లేటుని ఎన్ని వేలకి అమ్మాలో దారిపొడుగునా లెక్కలేసుకుంటూ వచ్చిన మనిషి ఆయన. వెనక్కెళ్లి ఆ పిల్లకి సెక్షన్ 17 చెప్పి వద్దామా అన్నాను. నవ్వలేదు.

మామిడికాయలకని వచ్చాం కదా, ఉత్త చేతులతో వెళితే బాగుండదు. అది ఇంకో మర్యాద. కోడలు గేటు దగ్గరికే మూడు బుట్టలు తెప్పించింది, పైన గడ్డి కప్పి. "బుట్ట వెయ్యి రూపాయలండీ" అంది. ప్లేట్ల మీద నూట యాభై బేరమాడినవాళ్లం, సిగ్గు కొద్దీ ముగ్గురం ఒక్క మాటన్నా అనకుండా తీసిచ్చాం. గడ్డి తొలగించి చూస్తే పైన బంగినపల్లి కాయలు పసుపు పచ్చగా మెరుస్తున్నాయి.

ఇంటికొచ్చి బుట్ట కుమ్మరించాను. పైవరస బంగినపల్లి నాలుగే. మిగతావన్నీ ముక్కు తిరిగిన తోతాపురి, రసం ఫ్యాక్టరీలవాళ్లు లారీల్లో తోలుకుపోయే రకం. మా ఆవిడ ఒకటి చేతిలోకి తీసుకుని చూసి, "వెయ్యి పోసి ఇవి తెచ్చారా?" అంది.

వెంటనే ఫోన్ చేశాను.

"బంగినపల్లి అని నేనన్నానా బాబాయ్ గారూ? మీరు అడగలేదు కదా," అంది కోడలు.

తోతాపురిని మా వైపు కలెక్టరు కాయలంటారు.