పరువైన లండన్ ఇల్లు నడుపు విధానం

విక్టోరియా రాణి ఏలిన కాలంలో (1837–1901) లండన్‌లో పరువుగా కాపురం చెయ్యడానికి సొంత ఇల్లు అక్కర్లేదు; చాలామంది ఉండేది అద్దె ఇళ్ళలోనే. పనిపిల్ల మాత్రం ఉండి తీరాలి. వీధి తలుపు ఇల్లాలే వచ్చి తీసిందంటే ఆ కుటుంబం మధ్యతరగతి గడప దిగిపోయినట్టే లెక్క. ఎంత రాబడికి ఎందరు పనివాళ్ళుండాలో ఇసబెల్లా బీటన్ తన ‘బుక్ ఆఫ్ హౌస్‌హోల్డ్ మేనేజ్‌మెంట్’లో పద్దు కట్టి మరీ చెప్పింది. ఏడాదికి 1000 పౌన్లు వస్తే వంటమనిషి, ఇల్లు సర్దడానికి ఇద్దరు, పిల్లలకు ఆయా, ఒక మగ నౌకరు. 150, 200 పౌన్ల సంసారమైతే అన్ని పనులూ ఒంటిచేత్తో చేసే ఒక్క పిల్ల. ఆ పిల్లకు ఏడాది జీతం 9 నుంచి 14 పౌన్లు. టీ, చక్కెర, బీరు ఇంట్లోనే ఇస్తే అందులోనూ కొంత మిగుల్చుకోవచ్చు. 1861లో ఈ గ్రంథం అచ్చయ్యేనాటికి రచయిత్రికి పాతికేళ్ళు. వంటకాల్లో చాలావరకు ఇతర పుస్తకాల నుంచీ పాఠకుల ఉత్తరాల నుంచీ ఏరినవే. మొదటి ఏడాదే 60,000 ప్రతులు చెల్లిపోయాయి కాబట్టి ఆ ఊసు ఎత్తకపోవడం మర్యాద.

పిల్ల దొరికాక ఆమెను కంటబడకుండా ఉంచడం నేర్వాలి. పడక అటకగదిలో, పని నేలమాళిగలో. పేరు మరీ సొగసుగా ఉంటే మార్చేసి మేరీ అని పిలవవచ్చు. ఆ ఆచారం చాలా ఇళ్ళలో ఉండేది. తెల్లవారకముందే లేచి పొయ్యిలో బూడిద ఎత్తాలి, ఇనప కమ్మీలకు నల్లమెరుగు రుద్దాలి, నిప్పు రాజేసి, వీధి మెట్లు రాయితో తెల్లగా తోమి, మూడంతస్తులకూ వేడినీళ్ళు మోసి, మంచాల కింది కుండలు దించుకుపోవాలి. దొరా దొరసానీ లేచి కిందికి వచ్చేసరికి ఇదంతా దానంతటదే జరిగినట్టు కనబడాలి. హానా కల్విక్ అనే పనిమనిషి ఈ చాకిరీని ఏ రోజుకారోజు డైరీల్లో రాసిపెట్టింది. రాయమన్నది ఆర్థర్ మన్‌బీ అనే పెద్దమనిషి. 1873లో ఆయన ఆమెను గుట్టుగా పెళ్ళాడాడు. ఆ తరువాత కూడా బయటివాళ్ళ కంటికి ఆమె ఆ ఇంట్లో పనిమనిషే. ఇల్లాలినీ పనిపిల్లనూ ఒకే జీతంలో తెచ్చుకునే ఈ ఉపాయం బీటన్ పుస్తకంలో లేదు.

పొగగొట్టంలో మసి పేరుకుంటే దూర్చడానికి సన్నపాటి కుర్రాణ్ణి తెప్పించాలి. 21 ఏళ్ళలోపు వాళ్ళను గొట్టం ఎక్కించకూడదని 1840లో చట్టం వచ్చింది. వచ్చినా కంగారు పడనక్కర్లేదు, దాన్ని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. 1875లో జార్జ్ బ్రూస్టర్ అనే పిల్లవాడు గొట్టంలో ఇరుక్కుని చనిపోయాక గానీ చట్టానికి పళ్ళు రాలేదు.

సోమవారం చాకిరేవు. ఆ పూట ఇంటిల్లిపాదికీ ఆదివారం మిగిలిన చల్లని మాంసమే గతి. ముందే నానేసిన బట్టలు సోడావేసి రాగి కాగులో ఉడికించి, కర్రతో కుమ్మి, జాడించి, నీలిమందు పెట్టి, గంజి పెట్టి, మరతో పిండి ఆరవెయ్యాలి. నీలిమందూ గంజీ తెలుగిళ్ళు ఎరిగినవే. లండన్ ప్రత్యేకత ఏమిటంటే, ఆరేసిన తెల్లబట్టల మీద ఊళ్ళోని బొగ్గుపొయ్యిలన్నీ కలిసి మసి చల్లుతాయి. వచ్చే సోమవారానికి పని కొరవడదు.

ముందుగదికి పచ్చని గోడకాగితం అందం. కంటికింపైన ఆ పచ్చదనం రాగి, పాషాణం కలిసిన రంగుది. గదిలో తేమ పట్టినా, రంగు పొడిగా రాలినా మనుషులు జబ్బు పడతారని వైద్యులు మొత్తుకున్నారు. గోడకాగితాల చిత్రకారుడు విలియం మోరిస్ మాత్రం దాన్ని ఒట్టి భయంగా కొట్టిపారేశాడు. పాషాణం తీసే గనుల కంపెనీలో ఆయనకు వాటాలుండేవి. అందులో డైరెక్టరుగానూ పనిచేశాడు. ఇలాంటి విషయాల్లో అనుభవజ్ఞుల మాటే వినాలి.

అలంకరించిన ముందుగదికి చుట్టపు చూపుగా వచ్చేవారి కోసం నియమాలున్నాయి. ‘పొద్దుటి పలకరింపు’ మధ్యాహ్నం మూడు దాటాక మొదలవుతుంది. పావుగంట కూర్చోవాలి, టోపీ తియ్యకూడదు, మాట వానను దాటి పోకూడదు. స్వయంగా వచ్చి వెళ్ళామని తెలపడానికి పేరున్న కార్డు మూల మడిచి వదిలిపెట్టాలి. ఇల్లాలికి చూడాలని లేకపోతే పనిపిల్ల వచ్చి ‘అమ్మగారు ఇంట్లో లేరు’ అంటుంది. పైన కిటికీ తెర కదిలినా అది అబద్ధం కాదు, మర్యాద. ఇద్దరికీ ఒకరి ముఖం ఒకరు చూసే బెడద తప్పితే ఆ పలకరింపు దివ్యంగా జరిగినట్టే.

వంట సులభం. ముదురు క్యారెట్లను రెండు గంటలు ఉడికించాలని బీటన్ మాట. ఆపైన నమిలే పని ఉండదు. మద్రాసు నుంచి తిరిగివచ్చిన దొరల కోసం ‘మలిగటానీ’ ఉంది. తమిళుల మిళగు తణ్ణీర్, అంటే మిరియాల నీళ్ళు. మన మిరియాల చారుకు వరసకు చుట్టం. బీటన్ చేతిలో అందులోకి కోడో కుందేలో, పంది మాంసం ముక్కలు, ఆరు ఉల్లిపాయలు, బాదంపప్పు ముద్ద దిగాయి. చారు ఏమైందని అడగకూడదు. పసిబిడ్డ పాలసీసాకు బిగించిన పీకను పాడయ్యేదాకా విప్పనక్కర్లేదనీ, జాగ్రత్తగా వాడితే వారాల తరబడి వస్తుందనీ ఆమే చెప్పింది. సూక్ష్మజీవుల సంగతి అప్పటికి ఇంకా ఇళ్ళదాకా రాలేదు.

అన్నిటికన్నా ఖర్చుతో కూడింది మైల. భర్త పోతే కనీసం రెండేళ్ళు నలుపు. మొదటి ఏడాది మీద ఒక రోజు పూర్తిగా క్రేప్ గుడ్డ కప్పిన దుస్తులు. ఆ గుడ్డకు వాన తగిలితే రంగు దిగి మెడా చేతులూ నల్లబడతాయి. మైల తీరాక దాన్ని ఇంట్లో ఉంచడం అశుభమన్న నమ్మకం ఉండేది కాబట్టి, మళ్ళీ ఎవరైనా పోతే మళ్ళీ కొత్తది కొనాలి. దీనివల్ల క్రేప్ నేసిన కోర్టాల్డ్ కుటుంబం బాగా గడించింది. రీజెంట్ వీధిలో 1841లో తెరిచిన జేస్ దుకాణంలో అమ్మేవి మైల సరుకులే. తరువాత బూడిదరంగు, లేత ఊదా మీదుగా మెల్లగా లోకంలోకి రావాలి. భార్య పోయిన మగవాడికి నల్ల చేతితొడుగులూ టోపీకి నల్ల పట్టీ చాలు. పనిపిల్లకూ నలుపు కట్టించాలి. ఆమెకు దుఃఖం ఉందో లేదో అడిగే ఆనవాయితీ లేదు.

ఈ శాస్త్రాన్ని తూచా తప్పకుండా పాటించినావిడ రాణిగారే. 1861 డిసెంబరు 14న భర్త ఆల్బర్ట్ పోయాక బతికిన దాదాపు నలభై ఏళ్ళూ ఆమె నలుపు విడవలేదు. ఆల్బర్ట్ గదిలో రోజూ బట్టలు తీసిపెట్టాలి, గడ్డం గీసుకోవడానికి వేడినీళ్ళు ఉంచాలి. ఆ నీళ్ళను కూడా ఎప్పటిలాగే నౌకర్లే కాచి, మోసుకొచ్చి, చల్లారాక పారబోసేవాళ్ళు.