తగ్గిన మార్కు

హన్మకొండలో మాకు తెలిసిన పెద్దాయన ఒకరున్నారు. సర్కారు బడిలో తెలుగు పండిట్‌గా చేసి రిటైరయ్యారు. పదో తరగతి దాకా తెలుగు తప్పనిసరి చేస్తూ 2018లో తెలంగాణలో చట్టం వచ్చినప్పుడు, ఆ వార్త కత్తిరించి డైరీలో దాచుకున్న మనిషి.

ఆయన మనవడు హైదరాబాదులో ఇంటర్‌లో చేరగానే తెలుగు వదిలి సంస్కృతం తీసుకున్నాడు. "తెలుగైతే మార్కులు పోతయి తాతా" అన్నాడట. అసలా కాలేజీలో రెండో భాష ఏది కావాలని ఎవరూ అడగరు. ఫీజు కట్టిన రోజే సంస్కృతం అని రాసేసుకుంటారు.

పెద్దాయన నొచ్చుకున్నారు గానీ త్వరగానే సర్దుకున్నారు. తెలుగు పోతే పోయింది, కాళిదాసైనా దక్కుతాడనుకున్నారు.

ఫలితాలొచ్చాయి. ఫస్టియర్ ఎంపీసీలో 470కి 465. సంస్కృతంలో 98. పెద్దాయన మురిసిపోయి బీరువాలోంచి రఘువంశం తీశారు. దేవనాగరి అచ్చు, పాత ప్రతి. మనవణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని మొదటి శ్లోకం మీద వేలు పెట్టారు. మాటా అర్థమూ లాగా విడదీయరాని పార్వతీపరమేశ్వరులకు కవి మొక్కే చోటది.

"చదువు నాయనా."

వాడు ఒకసారి చూసి పుస్తకం తిరిగి ఇచ్చేశాడు.

"తాతా, హిందీ టెన్త్‌తోనే అయిపోయింది గదా!"

వాడి తప్పేం లేదు. బోర్డు సిలబస్‌నూ అనడానికి లేదు. అందులో పద్యముంది, గద్యముంది, వ్యాకరణముంది. వాడి చేతికొచ్చింది మాత్రం కాలేజీ మెటీరియల్. శ్లోకాలన్నీ తెలుగు లిపిలో, ఏ ప్రశ్నకు ఎన్ని వాక్యాలు బట్టీ పట్టాలో గీతలు గీసి మరీ ఇచ్చారు. భాషలో ఎంతదూరం నడిపించాలో పంతులుకు చెప్పాల్సిన సిలబస్, ఎక్కడ ఆగిపోతే చాలో చెప్పే కాగితమైంది.

పెద్దాయన ఉండబట్టలేక కాలేజీకి ఫోన్ చేశారు. సంస్కృతం లెక్చరర్ లైన్లోకి వచ్చాడు.

"మా వాడి సంస్కృతం సంగతి మాట్లాడదామని చేశానండీ. ఎక్కడో ఏదో తేడా జరిగింది."

"మాకూ అదే అనుమానం సార్" అన్నాడాయన వెంటనే. "సిలబస్ నవంబర్‌కే పూర్తి చేశాం. తర్వాతంతా రివిజనే. సెక్షన్ మొత్తానికి 99 వస్తే మీ వాడొక్కడికే 98 ఏంటి? పొద్దున్నే రీకౌంటింగ్‌కు ఫీజు కట్టేశాం. మీరు నిశ్చింతగా ఉండండి."

నెల తిరక్కుండానే ఆ మార్కు కలిసింది.