ఆ ఆకు బొమ్మ మీకెవరిచ్చారు?

పోయిన సంక్రాంతి సెలవులకి మా అబ్బాయి అందర్నీ అరకు తీసుకెళ్లాడు. రోడ్డు మలుపులో పెద్ద బోర్డు, దాని మీద పచ్చటి ఆకు బొమ్మ, కింద ‘పర్యావరణహిత రిసార్ట్’ అని అక్షరాలు. గదిలోకి వెళ్తే బల్ల మీద ఆరు ప్లాస్టిక్ నీళ్ల సీసాలు. రాత్రంతా జనరేటర్ మోత. తెల్లారి నడకకని వెనకవైపు వెళ్లాను. వంటింటి నీళ్లూ స్నానాల నీళ్లూ ఒకే గొట్టంలోంచి నురగలు కక్కుకుంటూ గెడ్డలోకి పోతున్నాయి. తిరిగొచ్చి కౌంటరు దగ్గరున్న కుర్రాణ్ణి అడిగాను, “బాబూ, ఆ ఆకు బొమ్మ మీకెవరిచ్చారు?” అని.

“ఎవరూ ఇవ్వలేదండీ. బోర్డు రాసినాయన వేశాడు” అన్నాడు. ఆ పిల్లాడు నిజమే చెప్పాడు. నాకు ఆ పూట టిఫిను సయించలేదు.

నేను మొదటిసారి అరకు వెళ్లింది 1978లో. కిరండూల్ పాసింజర్లో, సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లల్లా కేకలు వేస్తూ వెళ్లాం నలుగురు స్నేహితులం. దిగింది ఒక పాత బంగ్లాలో. అక్కడి కాపలాదారు కట్టెల పొయ్యి మీద వండి పెట్టేవాడు. మర్నాడు తువ్వాళ్లు భుజాన వేసుకుని గెడ్డకి బయల్దేరితే వెనకాలే వచ్చాడు. “బాబూ, గెడ్డలో సబ్బు పెట్టకండి. దిగువన మా ఊరోళ్లు ఆ నీళ్లే తాగుతారు” అన్నాడు. బకెట్టుతో నీళ్లు తోడుకుని, గట్టు దాటి, చెట్ల మొదట్లో పోసుకున్నాం. ఆయన తాగే నీళ్లవి. అందుకే చెప్పాడు. ముఖం ఎదురుగా ఉండి చెప్పాడు కనక మేమూ విన్నాం.

ఇప్పుడు రిసార్టు యజమాని ఎక్కడో నగరంలో ఉంటాడు. మనం రెండు రాత్రులుండి పోతాం. ఆయనా మనమూ తాగేది సీసా నీళ్లే. గెడ్డ నీళ్లు తాగేవాళ్ల పిల్లలు అదే రిసార్టులో పక్కలు సర్దే పనిలో ఉంటారు, అతిథికి ఎదురొచ్చి సబ్బు పెట్టొద్దని అనగలరా? ఆ కాపలాదారు మాట చెప్పే నోరు లేకుండా పోయింది. అందుకే ఇటు యజమానికీ అటు అతిథికీ సంబంధం లేని మూడో మనిషి వచ్చి చూసి, గొట్టం ఎక్కడికి పోతోందో రాసి, బాగుంటేనే ముద్ర వెయ్యాలంటాను. నా ఈడువాళ్లు, “మన కాలంలో ఏ సర్టిఫికెట్ ఉందిరా” అంటారు. నేనూ అలాగే అనేవాణ్ణి. మా అమ్మ నగ చేయించుకునేటప్పుడు ఊళ్లో కంసాలి, ఆయన గీటురాయి చాలేవి, ఎందుకంటే మూడు తరాలుగా ఆ ఇల్లు తెలుసు. ఇవాళ ముక్కూ ముఖం తెలియని దుకాణంలో కొంటున్నాం కాబట్టి హాల్‌మార్క్ ఉందా అని తిరగేసి చూస్తాం. అమ్మేవాడే తన ముద్ర తనే కొట్టుకుంటే ఊరుకుంటామా? ప్రయాణాల దగ్గర మాత్రం ఊరుకుంటున్నాం. ఈతకొలను ఉందా, పొద్దున టిఫిను ఉచితమా, ఇవే మన ప్రశ్నలు.

గీటురాయి లేక కాదు. గ్లోబల్ సస్టెయినబుల్ టూరిజం కౌన్సిల్ అని ఒక సంస్థ ఉంది. ఆ పేరుతో నడుస్తున్న ప్రమాణాలు మొదట 2008లో వచ్చాయి. ఇప్పుడు హోటళ్లకి వేరుగా, ఊళ్లకీ ప్రాంతాలకీ వేరుగా ఉన్నాయి. స్థానికులకి ఉద్యోగాలిచ్చారా, సరుకు దగ్గర్లో కొంటున్నారా, మురుగునీరు శుద్ధి చేస్తున్నారా, ఇవన్నీ అడుగుతారు. వ్యాపారం వల్ల ఇరుగుపొరుగు ఊళ్లకి నీటి కష్టం రాకూడదని కూడా అందులో ఉంది. మా బంగ్లా కాపలాదారు 30 ఏళ్ల ముందే చెప్పిన మాట! ఈ కౌన్సిల్ తన చేత్తో ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వదు. తనిఖీ చేసి ముద్ర వేసే సంస్థలు వేరే ఉంటాయి, ఆ సంస్థలకి అర్హత ఉందా అన్నది కౌన్సిల్ తరఫున పరీక్షిస్తారు. రాసేవారు ఒకరు, దిద్దేవారు ఒకరు. ఈ ఏర్పాటు నాకు నచ్చింది.

నచ్చనిదీ చెప్తాను. తనిఖీ ఖర్చు తనిఖీ చేయించుకునేవాడే పెట్టుకోవాలి. వంద గదుల హోటలుకి అదొక లెక్క కాదు. రెండు గదులు అద్దెకిచ్చుకునే గిరిజన కుటుంబం ఆ డబ్బు ఎక్కణ్నుంచి తెస్తుంది? నిజంగా గెడ్డని కాపాడుతున్నవాళ్ల గుమ్మానికి ముద్ర ఉండదు, డబ్బున్నవాడి గుమ్మానికి ఉంటుంది. ప్రభుత్వం ఏటా పర్యాటక ఉత్సవాల వేదికల మీద పెట్టే ఖర్చులో కొంత తీసి ఈ చిన్నవాళ్ల తనిఖీకి కట్టకూడదా? ఈ సంగతి తలుచుకుంటే నాకు నిజంగా కోపం వస్తుంది.

ఇంకోటి, మనవాళ్లు బహుమతినీ సర్టిఫికెట్‌నీ ఒకటే అనుకుంటారు. మన పోచంపల్లిని 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంచింది. సంతోషించాను. కానీ బహుమతి ఒకసారి చేతికొస్తే గోడకెక్కుతుంది. ముద్రకి గడువుంటుంది, మళ్లీ వచ్చి చూస్తారు.

ఆ తేడా నాకు రుషికొండ దగ్గర తెలిసింది. మా రోజుల్లో విశాఖ తీరమంతా అద్దంలా ఉండేదని నేను అనను. పొద్దున్నే ఇసుకలో నడవాలంటే కాలు ఎక్కడ వేస్తున్నామో చూసుకోవాల్సొచ్చేది, అది మర్చిపోయి మాట్లాడితే తప్పు. 2020 అక్టోబరులో దేశంలో ఎనిమిది తీరాలకి బ్లూఫ్లాగ్ అనే ముద్ర, దాంతోపాటు ఎగరేసే జెండా వస్తే అందులో రుషికొండ ఒకటి. ఇచ్చేది డెన్మార్క్ కేంద్రంగా ఉన్న పర్యావరణ విద్యా సంస్థ. 33 అంశాలు చూస్తారు. సముద్రపు నీటిని వరసగా పరీక్షించాలి, రెండు పరీక్షల మధ్య 31 రోజులు దాటకూడదు. మలం కలిసిందని చెప్పే ఈ-కోలై బ్యాక్టీరియాకి 100 మిల్లీలీటర్లలో 250 అని హద్దు. ఫలితం సందర్శకులకి కనిపించేలా బోర్డు మీద పెట్టాలి. ఇన్నేళ్లు సముద్రాన్ని కంటితో చూసి బాగుందనుకున్నవాణ్ణి, అంకె ఒకటుందని అప్పుడే తెలిసింది.

2025 మొదటి నెలల్లో ఆ జెండా దించేశారు. నిర్వహణ బాగోలేదని ఫిర్యాదులు వెళ్లాయి. మాతో నడకకొచ్చేవాళ్లంతా విశాఖ పరువు పోయిందని బాధపడ్డారు. నేను మాత్రం ఆ రోజే ఆ జెండాని నమ్మాను. ఎక్కించడం ఎవరైనా చేస్తారు, బ్యాండు మేళం ఉంటుంది, ఫొటోలుంటాయి. దించడానికి గుండె కావాలి. ఊరంతా కదిలి ఒళ్లు వంచి పనిచేశాక కొన్ని వారాలకి మళ్లీ ఎగిరింది.

ఐరోపా సంఘం 2024లో ఒక చట్టం తెచ్చింది. సరైన తనిఖీ వ్యవస్థ గానీ ప్రభుత్వం గానీ వెనక లేకుండా సొంతంగా అంటించుకునే పచ్చ ముద్రలు ఇక చెల్లవు. 2026 సెప్టెంబరు 27 నుంచి అమలు. మన అరకు రోడ్డు మీది ఆకు బొమ్మల్ని అడిగేవాడు ఎప్పుడొస్తాడో!

వచ్చేదాకా నేనే అడుగుతున్నాను. వేసవికి మనవలతో లంబసింగి వెళ్దామని గదుల కోసం ఫోన్లు చేస్తున్నాను. ముద్ర ఎవరిచ్చారు, ఏ తేదీ దాకా ఉంది, స్నానాల నీళ్లు ఎక్కడికి పోతాయి, ఈ మూడూ అడుగుతాను. ఇప్పటికి నలుగురు ‘కనుక్కుని చెప్తామండి’ అన్నారు. ఐదో ఫోను ఒక ఆడమనిషి ఎత్తింది. ముద్ర గిద్ర ఏమీ లేవంది. నీళ్ల సంగతి అడిగితే, “అరటి పాదుల్లోకి వదుల్తాం. గెడ్డలోకి వదిల్తే మా అత్త ఊరుకోదు బాబూ” అంది. రెండు గదులూ తీసుకున్నాను.