బోగీ మీద చార్టు కోసం ఒక అర్జీ

మహారాజశ్రీ రైళ్లు నడిపించే పెద్దల సముఖానికి, విజయవాడ సత్యనారాయణపురంలో పెన్షన్ మీద కాలక్షేపం చేస్తున్న ఒక గృహస్థు విన్నవించుకునేది.

పూర్వం బోగీ తలుపు పక్కన మైదా బంకతో ఒక కాగితం అంటించి ఉండేది. పేరు, వయసు, ఆడో మగో, బెర్తు నంబరు. స్పెల్లింగు ఎలా ఏడ్చినా ఆ వరసలో మన పేరు కనబడితే ప్రాణం కుదుటపడేది. పైగా తోటి ప్రయాణికుల వయసులు చూసుకుని, కింది బెర్తు అడిగితే ఇస్తారో ఇవ్వరో అక్కడే లెక్క తేల్చుకునేవాళ్లం. కళ్లజోడు మరచినవాడికి పక్కవాడు చదివిపెట్టేవాడు. కాగితం ఆదా అని 2018 మార్చి 1 నుంచి పెద్ద స్టేషన్లలో ఆ అంటించడం మాన్పించారు. ప్లాట్‌ఫారం మీద టీవీ తెర సరిగ్గా పనిచేసేచోట అక్కడి కాగితమూ అక్కర్లేదన్నారు. అన్నీ ఫోనుకే వస్తాయిగా!

వస్తాయి. ఎవరి ఫోనుకి? టికెట్టు తీసినవాడు మా అబ్బాయి. వాడు పుణెలో అమెరికా వేళలకి ఉద్యోగం చేసి పగలు పడుకుంటాడు. వెయిటింగ్ లిస్టు కదిలిందా, ఏ బోగీ వచ్చింది అన్న కబురు వాడి దిండు కింద మోగుతుంది. నేనేమో ఇక్కడ పెట్టె మీద కూర్చుని, ఎస్3 వైపు పరుగెత్తాలా, ఎస్9 వైపా అని ఇంజను కోసం చూస్తుంటాను.

139కి ఫోన్ చేద్దామా అంటే, పది అంకెల పీఎన్ఆర్ నొక్కమంటుంది ఆ గొంతు. ఫోను చెవి దగ్గరుంటే అంకెలు కనబడవు. అంకెలు చూద్దామని దింపితే తెర నల్లగా ఉంటుంది. అది వెలిగేలోగా, నేనేమీ నొక్కలేదని ఆవిడ ఎంతో మర్యాదగా నొచ్చుకుంటుంది. (కసిరినా బాగుండును.)

"యాప్ ఉంది కదా అంకుల్" అంటారు ప్లాట్‌ఫారం మీది కుర్రాళ్లు. మంచి పిల్లలే. యాప్ తెరవాలంటే పాస్‌వర్డు కావాలి, అది మరచిపోతే ఓటీపీ కావాలి, ఓటీపీ మళ్లీ ఆ దిండు కిందికే పోతుంది.

కాబట్టి తెరలూ యాపులూ వాటి మానాన ఉండనిచ్చి, బోగీకొక కాగితం మళ్లీ అంటింపించ ప్రార్థన. కాగితం దండగంటే, ఏసీ బోగీల్లో దుప్పట్లు పెట్టి ఇచ్చే ఆ కాగితపు సంచుల వెనక రాయించినా చదువుకుంటాం. మైదా మా ఇంట్లోంచి ఇప్పిస్తాను. మా ఆవిడ ఒప్పుకుంది, బంక ఉడికించడం మాత్రం తన వల్ల కాదంది.