మొహానికి మైలతుత్తం

గుంటూరు బ్రాడీపేటలో ఓ ఇంటి అద్దం ముందు 56 ఏళ్ళ పెద్దమనిషి ఒకాయన రోజూ రాత్రి సగం మొహానికి మాత్రమే సీరం రాసుకునేవారు. కుడి సగానికి సీరం, ఎడమ సగానికి మామూలు మాయిశ్చరైజరు. అలా 12 వారాలు. ఆ పెద్దమనిషే ఈ వ్యాసకర్త. సిగ్గు అడ్డొచ్చి ‘ఆయన’ చాటున దాక్కున్నాడు.

సీసా ఆయన కోసం వచ్చింది కాదు. డాలస్‌లో ఉండే కూతురు వాళ్ళమ్మకని తెచ్చింది. చర్మాన్ని బిగువుగా నిలిపే కొలాజెన్ పెద్దయ్యాక ఏటా ఒక శాతం చొప్పున తరుగుతుందట. మెనోపాజ్ వచ్చిన ఆడవాళ్ళలో మొదటి అయిదేళ్ళలోనే 30 శాతం దాకా పోవచ్చట. ఆ లెక్కన సీసా ఎవరికి చెందాలో ఆయనకు తెలుసు. తెలిసినా ఇంట్లో ఆ మాట అనే ధైర్యం లేదు. ఆవిడ “నాకెందుకే ఇవన్నీ” అని బీరువాలో పెట్టేశారు. డాలర్లు పోసి కొన్నది ఎక్స్‌పైరీ అయిపోతుందన్న బాధతో ఆయన బయటికి తీశారు.

మూత తిప్పగానే ఎనిమిదో తరగతి గుర్తొచ్చింది. అదే గాజు ఫిల్లరు, అదే రాయల్ బ్లూ. పెన్నులో పోయాల్సింది మొహాన పోసుకుంటున్నానేమోనని ముందు చిటికెన వేలి మీద ఓ చుక్క వేసి చూసుకున్నారు. అంటలేదు. అది చూసి కంగారుపడింది ఆయన తల్లిగారే. ఒకప్పుడు చేలో బోర్డో మిశ్రమం కలిపిన చేతులు ఆవిడవి.

“ఒరేయ్, మైలతుత్తం మొహానికి పూసుకుంటావేంట్రా?”

ఆవిడ చూపు మరీ తప్పేం కాదు. మైలతుత్తానికీ, ఆ సీరానికీ నీలం ఇచ్చింది రాగే. కాకపోతే సీసాలోది జి.హెచ్.కె. అనే పెప్టైడ్‌ని పట్టుకున్న రాగి. మూడే మూడు అమైనో ఆమ్లాల ఆ ముక్కను 1973లో అమెరికాలో లోరెన్ పికార్ట్ మనిషి రక్తరసంలో గుర్తించారు. పెప్టైడంటే అంతే. ప్రోటీన్ బారెడు మల్లెమాలైతే, పెప్టైడ్ అందులోంచి తుంచిన నాలుగు పూలు.

లేబుల్ మీద ఇంకో పేరు కూడా ఉంది, నోరు తిరగనిది: పామిటాయిల్ పెంటాపెప్టైడ్-4. బజారులో దీన్ని మెట్రిక్సిల్ అంటారు. దీని వెనక కథ ఆయనకు బాగా నచ్చింది. కొలాజెన్ తయారీలో పుట్టే ప్రోటీన్‌లోని అయిదు అమైనో ఆమ్లాల తునక ఒకటి, చర్మకణాలకు ‘ఇంకా కట్టండి’ అన్న కబురులా పనిచేస్తుందని 1993లో ప్రయోగశాలలో తేలింది. అంటే సీరం ఇటుకా కాదు, సిమెంటూ కాదు. తాపీమేస్త్రికి మనమిచ్చే మిస్డ్ కాల్. ఇల్లు కట్టించిన ఎవరినడిగినా చెబుతారు, మిస్డ్ కాల్ చూసుకున్న మేస్త్రీలెందరో, పనిలోకి వచ్చినవాళ్ళెందరో.

అసలు ఆ కాల్ వెళుతుందా అన్నది ఆయన బావమరిది అనుమానం. భోజనానికి ముందు పొట్టకు ఇన్సులిన్ పెన్ను పొడుచుకుంటూ అడిగాడు: “ఇదీ పెప్టైడే కద బావా! రాసుకుంటే లోపలికి దిగేదైతే నాకీ పోట్లెందుకు?”

చురుకైన ప్రశ్నే. ఇన్సులిన్‌లో 51 అమైనో ఆమ్లాలు, బరువు దాదాపు 5,800 డాల్టన్లు. 500 డాల్టన్లు దాటినవి ఆరోగ్యమైన చర్మంలోంచి దిగడం కష్టమని 2000లో ఇద్దరు శాస్త్రవేత్తలు ఓ సూత్రం చెప్పారు. మెట్రిక్సిల్ 800 చిల్లర. పైగా పెప్టైడ్‌కు నీళ్ళంటే ఇష్టం, చర్మం గుమ్మానికి కొవ్వంటే ఇష్టం. అందుకని దానికి పామిటిక్ ఆమ్లమనే కొవ్వు తోక కట్టి పంపుతారు. పిలవని పేరంటానికి పెళ్ళివారి గుంపులో కలిసి దూరడం లాంటిది. కొంత దూరుతుంది, ఎంత అన్నది వేరే మాట.

సగం మొహం ఆలోచన ఆయన సొంతం కాదు. 2005లో అచ్చయిన ఒక పరీక్షలో 35 నుంచి 55 ఏళ్ళ మధ్య ఆడవాళ్ళు 93 మంది 12 వారాలపాటు ఒక చెంపకు పెప్టైడ్ క్రీము, రెండో చెంపకు అది లేని క్రీము రాసుకున్నారు. కలిపింది పదిలక్షల పాళ్ళలో 3 పాళ్ళు. సాంబారు గుండిగలో ఇంగువ ఇంతకంటే ఎక్కువే పడుతుంది. సన్న గీతలు కాస్త తగ్గాయన్నారు. ‘కాస్త’ అన్న మాటను కాస్త ఒత్తి చదువుకోవాలి, ఎందుకంటే పరీక్ష చేసినవాళ్ళు క్రీములమ్మే కంపెనీ శాస్త్రవేత్తలే.

12 వారాలు గడిచాక ఆయన మొహాన్ని ట్యూబులైటు కింద పెట్టి తీర్పు చెప్పమన్నారు. భార్య కళ్ళజోడు తెచ్చుకుని అటూ ఇటూ తిప్పి చూశారు.

“ఏవండీ, ఈ కుడివైపే ఎక్కువ వాడినట్టుందే!”

అంటే సీరం రాసిన వైపే. కూతురు ఫోన్‌లో పడీ పడీ నవ్వి, ఓ ఫోటో పంపింది. 2012లో అమెరికా వైద్య పత్రికలో వచ్చింది: 28 ఏళ్ళు డెలివరీ ట్రక్కు నడిపిన 69 ఏళ్ళ మనిషి. కిటికీ పక్కనుండే ఎడమ చెంప ముడతలు పడి వేలాడుతోంది, కుడి చెంప దానికి తమ్ముడిలా ఉంది. అద్దం దించకపోయినా ‘యువిఎ’ కిరణాలు గాజులోంచి వచ్చేస్తాయి.

అప్పుడు వెలిగింది ఆయనకు. గుంటూరు నుంచి విజయవాడ ఆఫీసుకు 19 ఏళ్ళు కారు నడిపారు. మన స్టీరింగు కుడివైపు. పొద్దున ఈశాన్యంగా వెళుతుంటే తూర్పు ఎండ కుడి చెంప మీద, సాయంత్రం నైరుతిగా తిరిగొస్తుంటే పడమటి ఎండా కుడి చెంప మీదే. పరీక్ష మొదలయ్యే నాటికే ఆ చెంప ఎన్నో ఏళ్ళు వెనకబడి ఉంది. నీలం చుక్క ఏమైనా చేసిందో లేదో ఇక ఆ బ్రహ్మకే తెలియాలి.

“నాన్నా, ముందు సన్‌స్క్రీన్ రాసుకో” అంది కూతురు. ఆస్ట్రేలియాలోని నాంబర్ ఊళ్ళో 903 మందిని నాలుగున్నరేళ్ళు గమనిస్తే, రోజూ రాసుకున్నవాళ్ళ చర్మంలో ముదిమి 24 శాతం తక్కువగా కనిపించిందట. సీరం కంటే అదే నమ్మదగ్గ బేరమని ఆయనకూ అనిపించింది. రాసుకుంటున్నారు. చాలదన్నట్టు కారెక్కగానే కండువాను కుడి చెంప కప్పేలా చుట్టి నెత్తిన ముడేస్తున్నారు.

మొన్న కాజ టోల్‌గేటు దగ్గర కిటికీ దించితే లోపలి కుర్రాడు జాలిగా చూశాడు. “పన్ను పీకించారా సార్?”