జావాన్వేషణ పద్యము: టీకా తాత్పర్య సహితము

అవతారిక

కొల్లేటి లంక గ్రామమునుండి ఏలూరు కాలేజీకి నిత్యము బస్సులో వచ్చిపోవు విద్యార్థి యొకడు బీటెక్ రెండవ సంవత్సరమున అడుగుపెట్టెను. కాకినాడ జేఎన్‌టీయూ సిలబసులో 'ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్' అను మాట చూచి, అందులకు తగిన పుస్తకమునకై మూడూళ్ళు తిరిగి ఈ పద్యము చెప్పెను. కవి తన పేరు చెప్పుకొనలేదు. హాల్ టికెట్టు నంబరు మాత్రము వేసికొనెను.

మూలము

తే. జావ నేర్వంగ నేలూరు జాడ వెదకి
గూడెమున కొట్ల వెంబడి గూళ్ళు తరచి
రోడ్డు పక్కన బెజవాడ రూకలిచ్చి
కొన్న పుస్తకమునకంటె కోడు మేలు

ప్రతిపదార్థము

జావ = జావా అను ప్రోగ్రామింగు భాషను (రాగిజావ యని అర్థము చెప్పిన పూర్వవ్యాఖ్యాత హాస్టలువాసి యగుటచే క్షంతవ్యుడు); నేర్వంగన్ = నేర్చుకొనుటకు; ఏలూరు = ఏలూరునందు; జాడ వెదకి = ఎచట దొరకునో యని విచారించి; గూడెమున = తాడేపల్లిగూడెమునందు; కొట్ల వెంబడి = పుస్తకాల కొట్లన్నిట; గూళ్ళు = అరలను; తరచి = గాలించి; బెజవాడ రోడ్డు పక్కన = (అని అన్వయము; గణములకొరకు కవి ఊరును రోడ్డు దాటించెను); రూకలు ఇచ్చి = బేరమాడి డబ్బు చెల్లించి; కొన్న పుస్తకమునకంటె = తెచ్చుకొన్న గ్రంథముకన్న; కోడు = స్వయముగ టైపు చేసిన ప్రోగ్రాము; మేలు = శ్రేష్ఠము.

తాత్పర్యము

జావా నేర్వగోరి ఊరూర తిరిగి కొన్న పుస్తకముకన్న, తన చేతితో రాసి నడిపిన పది పంక్తుల ప్రోగ్రామే గొప్పదని భావము.

విశేషములు

1. ఏలూరు జాడ: ఇచట కొట్టువాడు ముందుగ అడుగునది 'ఏ భాష?' అని కాదు, 'ఏ రెగ్యులేషను సిలబసు?' అని. ఆర్20 యనినను ఆర్23 యనినను చేతికి వచ్చునది ఆల్-ఇన్-వన్. అందు ప్రశ్నలును జవాబులును ఉండును. భాష మాత్రము ఉండదు.

2. గూడెము: ఉల్లిపాయల మార్కెట్టునకు పేరుపడిన ఈ ఊరికి 2015లో నిట్ వచ్చినది. సీనియర్లు అమ్మివేసిన పుస్తకములు కొట్లలో ఉండునని కవి ఆశ. సీనియర్లు పీడీఎఫ్‌లు చదివి గట్టెక్కిరి. పీడీఎఫ్‌ను సగము ధరకు అమ్మిన వారు లేరు.

3. బెజవాడ: ఏలూరులో దొరకని పుస్తకము ఏలూరు రోడ్డున దొరకుట ఇందలి చమత్కారము. ఆ రోడ్డు ఏలూరునకు సుమారు 60 కిలోమీటర్ల దూరమున విజయవాడలో కలదు. దానికే కారల్ మార్క్స్ రోడ్డని మరియొక పేరు. పాత పుస్తకములు అమ్ము చోటు లెనిన్ సెంటరు. మార్క్సు వీధిలో, లెనిన్ చెంత, పెట్టుబడి లేనివాడు బేరమాడుటచే ఇచట కరుణము అంగిరసము. కొనువారు ముద్రణ సంవత్సరము తప్పక చూడవలెను. జావా 8 వెలువడినది 2014లో. అంతకు మున్నటి పుస్తకమున లాంబ్డాలు ఉండవు. ఆప్లెట్లపై మాత్రము అధ్యాయములకు అధ్యాయములుండును. వానికి కాలము చెల్లినదని 2017లో జావా 9 ప్రకటించెను.

4. కొన్న పుస్తకము: ఈ శాస్త్రమున గ్రంథపరంపర ఇట్టిది. 1995లో సన్ మైక్రోసిస్టమ్స్ ఈ భాషను లోకమునకు వెల్లడించెను. 1996లో జేమ్స్ గోస్లింగ్, బిల్ జాయ్, గై స్టీల్ అను మువ్వురు రచించిన భాషా నిర్దేశము దీనికి సూత్రగ్రంథము. వేయి పుటలు మించిన హెర్బర్ట్ షిల్ట్ 'కంప్లీట్ రిఫరెన్స్' భాష్యము. బాలగురుసామి 'ప్రైమర్', మన ఆర్. నాగేశ్వరరావుగారి 'కోర్ జావా' వార్తికములు. ఆల్-ఇన్-వన్ టీక. దాని జిరాక్సు టిప్పణి. పరీక్ష ముందురాత్రి వాట్సాప్‌లో తిరుగు 'ముఖ్యమైన ప్రశ్నలు' టిప్పణికి టిప్పణి. 2010లో సన్‌ను కొన్న ఒరాకిల్ వెబ్‌సైటున సూత్రగ్రంథము నేటికిని ఉచితము. వాట్సాప్ ప్రశ్నలును ఉచితములే. రూకలు పడునది నడిమి మెట్లకు మాత్రమే. మూలములో లేనిది రాయనని సంస్కృత కావ్యవ్యాఖ్యాత మల్లినాథసూరి ప్రతిజ్ఞ పట్టెను. ఆల్-ఇన్-వన్ కర్తకు మూలమున్నదన్న బెంగయే లేదు.

5. కోడు: కొల్లేటివారికి కోడనగా నీటికాలువ కూడ. ఆ యర్థమును విడువరాదు. ఏలయన కవికి కావలసిన పాఠము ఆ నీళ్ళలోనే కలదు. పుస్తకములన్నిట ఇన్‌హెరిటెన్సునకు ఉదాహరణము కుక్క, అది మొరుగును. కవి యింటివెనుక చేపల చెరువు. 'చేప' అనునది మాతృ క్లాసు. బొచ్చె, శీలావతి, మృగాల దాని సంతతి. 'మేయు' మని ఒకే ఆజ్ఞ ఇచ్చినచో బొచ్చె నీటి పైభాగమున, శీలావతి నడిమి నీట, మృగాల అడుగున మేయును. ఒక పిలుపునకు ముగ్గురు మూడు తీరుల నడచుకొనుటయే పాలిమార్ఫిజము. మేత లెక్క ఆసామికి తప్ప ఇతరులకు అందకుండుట ఎన్‌క్యాప్సులేషను. క్లాసు పేరు తెలుగులిపిలో 'చేప' అని పెట్టినను జావాకు చెల్లును. పేర్లు యూనికోడు అక్షరములలో ఉండవచ్చునని సూత్రగ్రంథమే అనుమతించుచున్నది. టీకలు మాత్రమే చదివినవానికి ఈ సంగతి చేరదు.

ఛందస్సు: తేటగీతి. నాలుగు పాదముల చివరను సెమీకోలన్ లేకపోవుటచే కంపైలరు ఈ పద్యమును అంగీకరింపదు.

శంకా సమాధానములు

శంక: వీడియోలు ఉండగా పుస్తకముతో పనియేమి? అమీర్‌పేట కోచింగు సెంటర్ల పాఠములు యూట్యూబులో తెలుగుననే కలవు. ఐఐటీ ఖరగ్‌పూర్ వారి జావా కోర్సు ఎన్‌పీటెల్‌లో చూచుటకు ఉచితము, రుసుము పరీక్షకు మాత్రమే.

సమాధానము: నిజమే. ఒకటి ఎన్నుకొని తుదిదాక చూచినచో చాలును. ఒకటిన్నర రెట్ల వేగమున నాలుగింటిని సగము సగము చూచినవానికి నాలుగు పీఠికలు కంఠస్థమగును.

శంక: చదివినది వచ్చినదో రాలేదో తెలియుటెట్లు?

సమాధానము: కంపైలరు చెప్పును. దానికి రెగ్యులేషను లేదు, ఇంటర్నల్ మార్కులు లేవు. తప్పు ఏ పంక్తిలో దొరికినదో అంకెతో సహా చూపు గురువు మరి యెవ్వరు?

శంక: మూలమును కోడును చాలునన్నపుడు, నాలుగు పాదముల పద్యమునకు ఇంత టీక యెందులకు?

సమాధానము: మొదటి ప్రోగ్రాము నడిపి చూపినవారికి మాత్రమే ఈ శంకకు సమాధానము చెప్పబడును.