ఆసియా చరిత్ర చదివితే ఏం నౌకరొస్తది?

కొడంగల్‌లో ఇంటర్ పాసైన ఆడపిల్ల ఎవరైనా ‘నేను యూనివర్సిటీకి పోయి ఆసియా చరిత్ర చదువుత’ అందనుకోండి. ముందు తండ్రి ఆమె ఫోను గుంజుకుంటాడు. కొరియా సీరియళ్లు చూసి చూసి దీనికి మతి చెడిందని తల్లి తీర్మానిస్తుంది. కబురు అందుకుని తాండూరు నుంచి మేనమామ దిగుతాడు. నాపరాయి వ్యాపారంలో నాలుగు డబ్బులు కళ్లచూసిన మనిషి, లోకం తెలిసినవాడు. ‘చరిత్ర చదివితే ఏం నౌకరొస్తది బిడ్డా? బీకాం కంప్యూటర్స్ చెయ్యి’ అని ఒక్క ముక్కలో పంచాయితీ తెంపేస్తాడు.

మామను తప్పుపట్టేదేం లేదు. ఆయన ప్రశ్నకు యూనివర్సిటీ దగ్గరా జవాబు లేదు. మన డిగ్రీ పుస్తకాల్లో ప్రపంచ చరిత్ర అంటే దాదాపు యూరప్ చరిత్రే. ఇటలీలో పునరుజ్జీవనంతో నిద్రలేచి, ఫ్రాన్సులో విప్లవం చేసి, ఇంగ్లండులో ఆవిరియంత్రం నడిపి, రెండు ప్రపంచ యుద్ధాలు కొట్లాడి అలసిపోయాక, సిలబస్ ముగియడానికి వారం ముందు ఆసియా గుర్తొస్తుంది. చైనాకు నల్లమందు అంటగడితే 1839, జపాన్‌లో మెయిజీ ప్రభుత్వం వస్తే 1868, పెకింగ్‌లో మావో జెండా ఎగరేస్తే 1949. ఇక గంట కొట్టేస్తారు. అంతకుముందు ఈ ఖండంలో మనుషులు బతికారా అన్న ప్రశ్న గైడులో లేదు కనుక పరీక్షలో రాదు. ఎంఏలో చేరేవాళ్లు చాలామంది చేరేది చరిత్రలో కాదు, హాస్టల్లో. అక్కడ మంచం దొరికితే గ్రూప్స్‌కు చదువుకోవచ్చు. నోటిఫికేషన్ కోసం ఎదురుచూసి వయసు కరగదీసుకుంటున్న పిల్లలను నేను వెక్కిరించడం లేదు. చరిత్ర శాఖను వెయిటింగ్ హాలుగా మార్చిన పెద్దల గురించే ఈ మాట.

ఉస్మానియా మొదలైన తీరు మాత్రం ఇది కాదు. 1918లో పుట్టిన ఆ విశ్వవిద్యాలయం ఉర్దూలో పాఠాలు చెప్పడం కోసం ముందే ఒక అనువాద సంస్థను పెట్టుకుంది. దేశదేశాల చరిత్రలు అందులో ఉర్దూలోకి దిగాయి. అక్కడ చరిత్ర చెప్పిన హారూన్ ఖాన్ షేర్వానీ బహమనీల మీద, కుతుబ్ షాహీల మీద పుస్తకాలు రాశాడు. ఇరాన్‌లోని గీలాన్ నుంచి వర్తకుడిగా వచ్చి బహమనీ రాజ్యానికి మంత్రి అయిన మహమూద్ గవాన్ 1472లో బీదర్‌లో మదర్సా కట్టించాడు. అంటే ఆసియా నలుమూలల చదువు మన పొరుగునే ఐదు వందల ఏళ్ల కిందట నడిచింది. ఇవాళ వికారాబాద్ జంక్షన్‌లో బీదర్ బండి ఎక్కి పోవచ్చు. టికెట్ దొరుకుతుంది. ఎందుకు పోవాలో చెప్పే మాస్టారే దొరకడు.

తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది. ఉస్మానియా క్యాంపస్ నుంచి నడిచి పోయేంత దూరం. మొఘలుల కాలపు ఫారసీ కాగితాలు అందులో ఉన్నాయి. వాటిని చదవగలిగిన తెలుగు పిల్లలను వేళ్ల మీద లెక్కపెట్టాలంటే వేళ్లు మిగిలిపోతాయి. ఆ లిపి విలువ మన దగ్గర తెలిసింది ఒక్క భూమి తగాదాల వాళ్లకే. ఎకరం ధర ఎక్కిన కొద్దీ సేత్వార్ అనే పాత భూమి రికార్డు నకలు పట్టుకుని ఉర్దూ వచ్చిన ముసలాయన గడప తొక్కుతారు. ‘ఇందులో మా తాత పేరు ఉందా సాబ్?’ అని అడుగుతారు. చరిత్ర దండగ అన్న నోటితోనే తాత పేరు కోసం టీ తాగించి, మిఠాయి పెట్టి, చేతిలో నోటు పెట్టి వస్తారు. చరిత్రకు విలువ లేదని ఎవరన్నారు? గుంటకింత అని ధర కూడా పలుకుతోంది.

కాగ్నా నది సంగతి చూడండి. వికారాబాద్ కొండల్లో పుట్టి, తాండూరు పక్కనుంచి కర్ణాటకలోకి పోతుంది. మనకు అది ఇసుక దొరికే వాగు. అదే నీళ్లు ఇంకాస్త దూరం పోతే మల్ఖేడ్ కోట గోడను ఒరుసుకుంటాయి. రాష్ట్రకూటుల రాజధాని మాన్యఖేటం అదే. సులేమాన్ అనే అరబ్బు వర్తకుడి పేరుతో చెలామణి అయ్యే 851 నాటి చైనా, హిందూ దేశాల వృత్తాంతంలో, లోకంలో నలుగురే మహారాజులని రాసి ఉంది. బాగ్దాద్ ఖలీఫా, చైనా చక్రవర్తి, రూమ్ చక్రవర్తి, నాలుగోవాడు బల్హరా. ఆ బల్హరా మన కాగ్నా ఒడ్డున కొలువుతీరిన రాష్ట్రకూట రాజు. అప్పుడు గద్దె మీద ఉన్నది అమోఘవర్షుడు. బస్రా రేవులో, చైనా ఓడల్లో తెలిసిన ఊరు తాండూరులో రైలెక్కితే సేడం దాటాక వస్తుంది. స్టేషన్ పేరు మల్ఖేడ్ రోడ్. ఇప్పుడు ఆ పేరు చెబితే సిమెంటు ఫ్యాక్టరీ అంటారు. బల్హరా ఎవరని అడిగితే, కొత్త బ్రాండా అంటారు.

చరిత్ర పుస్తకం వద్దన్నాం గాని ఆసియాను మాత్రం వదల్లేదు, టూర్లు వేస్తూనే ఉన్నాం. మూసీ పుట్టింది మన అనంతగిరిలో. దాన్ని బాగుచేసే విద్య నేర్చుకోవడానికి 2024 అక్టోబర్‌లో మంత్రులు, విలేకరులు సియోల్ పోయి చియోంగ్యెచియోన్ కాలువ చూసి మురిసిపోయి వచ్చారు. మంచిదే. ఆ బృందంలో కొరియా చరిత్ర చదివిన కుర్రాడు ఒక్కడుంటే చెవిలో నాలుగు ముక్కలు చెప్పేవాడు. సార్, ఆ కాలువలో పారేవి చాలావరకు హాన్ నది నుంచి పంపులతో తోడి పోసే నీళ్లు. 2003లో పని మొదలుపెట్టినప్పుడు అక్కడి వీధి వ్యాపారులను ఖాళీ చేయించారు. 2005లో కాలువ తెరిచిన మేయర్ లీ మ్యుంగ్ బాక్ ఆ ఊపులో దేశాధ్యక్షుడు కూడా అయ్యాడు, ఆ తర్వాత అవినీతి కేసులో జైలుకూ పోయాడు. హాన్ ఒడ్డు సింగారం కూడా 1988 ఒలింపిక్స్ వేళకు నియంతలు తెచ్చిన సింగారమే. ఆ హడావిడిలో సాంగ్యే డాంగ్ బస్తీ పేదల ఇళ్లు నేలమట్టం చేశారు. దాని మీద డాక్యుమెంటరీ కూడా ఉంది. ఇదంతా విన్నాక ఫొటోకు నవ్వు రాదు. అందుకే కాబోలు అలాంటి కుర్రాణ్ణి విమానం ఎక్కించరు.

2025 ఏప్రిల్‌లో ముఖ్యమంత్రి బృందం జపాన్ యాత్ర. పెట్టుబడులకు పోయారు, సంతోషం. జపాన్ పరిశ్రమలకూ ఒక చరిత్ర ఉంది. ఆషియో రాగి గని విషం వతరసే నదిలో కలిసి పొలాలు చచ్చిపోతే, తనాకా షోజో అనే పార్లమెంటు సభ్యుడు పదవి వదులుకుని, 1901లో చక్రవర్తి బండికి అడ్డంపడి అర్జీ ఇవ్వబోయాడు. పిచ్చివాడని వదిలేశారు. 1907లో యనకా అనే ఊరినే పడగొట్టారు. ఇక మన దగ్గర చూడండి, దుద్యాల మండలం లగచర్లలో 2024 నవంబర్ 11న ఫార్మా భూసేకరణ మీద ప్రజాభిప్రాయం వినడానికి కలెక్టరు పోయారు. గొడవ, కేసులు, అరెస్టులు. ఆ నెలాఖరుకు ఫార్మా నోటిఫికేషన్ వెనక్కి పోయింది, పరిశ్రమల పార్కు ముందుకొచ్చింది. తనాకా షోజో కథ చదివిన అధికారి ఒక్కరున్నా, తండా రైతు ‘మా నీళ్ల సంగతేంది సారూ’ అన్నప్పుడు అది కుట్ర కాదు, వందేళ్ల పాత ప్రశ్న అని గుర్తుపట్టేవారు.

కొడంగల్‌కు ఇప్పుడు అడిగినవీ వస్తున్నాయి, అడగనివీ వస్తున్నాయి. సొంత ఎమ్మెల్యే ముఖ్యమంత్రి మరి. మెడికల్ కాలేజీ అన్నారు, ఇంజనీరింగ్ కాలేజీ అన్నారు, ఎత్తిపోతల అన్నారు. ఆ జాబితా అడుగున ఎక్కడైనా కాస్త జాగా ఉంటే, అయ్యా, ఆసియా చరిత్ర చెప్పే లెక్చరర్ పోస్టు ఒక్కటి రాయించండి. ఫారసీ, ఉర్దూ వచ్చినవాడైతే ఇంకా మేలు. విద్యాశాఖ దగ్గర పైసల్లేకపోతే జీతం రెవెన్యూ శాఖ నుంచి ఇప్పించండి. సేత్వార్లు చదివిపెట్టి నెల తిరగకుండా బాకీ తీర్చేస్తాడు.